సక్కుబాయి ఆడని బేరం

టార్పాలిన్ పట్టా గాలికి టపటప కొట్టుకుంటే చాలు, ఇప్పటికీ నా చెవులు దాని వెనక దగ్గు కోసం వెతుకుతాయి. మొన్న మా నాచారం దవాఖానాలో, మళ్లీ మహమ్మారి వస్తే ఏం చేయాలో రాసిన ప్రణాళిక కాగితం నా చేతికిచ్చారు. సంతకం పెట్టబోతుంటే కిటికీ బయట, కొత్తగా కడుతున్న గోడకు కప్పిన పట్టా కొట్టుకుంది. పెన్ను ఆగిపోయింది. సక్కుబాయి గుర్తొచ్చింది.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలోనూ నేను ఇక్కడే కాంట్రాక్టు ఆరోగ్య కార్యకర్తని. పీర్జాదిగూడ దగ్గర అపార్ట్‌మెంట్లు కట్టే లంబాడీ కూలీల షెడ్లు నా వంతుకొచ్చాయి. జ్వరమున్నవాళ్లను కనిపెట్టి, ఓ ఫంక్షన్ హాల్లో తెరిచిన ఐసోలేషన్ కేంద్రానికి పంపాలి. వారం తిరిగినా ఒక్కరూ జ్వరమని ఒప్పుకోలేదు. నేను ఉప్పల్ మార్కెట్లో మా నాన్న స్టీలు సామాన్ల దుకాణంలో పెరిగినదాన్ని. మనిషి ముఖం చూసి ఎంతకు దిగివస్తాడో చెప్పగలనని నాకు మహా గర్వం. అందుకే మా దవాఖానా డాక్టరమ్మను బతిమాలి సరుకులు సంపాదించి, ఆటోలో వేసుకుని మళ్లీ వెళ్లాను.

షెడ్ల ముందు సక్కుబాయి రంగు డబ్బా మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి, మోచేతులు దాటి గాజులు. అందరూ ఆమెను యాడీ అంటారు, వాళ్ల భాషలో అమ్మ అని. ఆమె అవునంటేనే అక్కడ ఎవరైనా కదిలేది.

“ఏం తెచ్చినవ్ బిడ్డా?”

“బియ్యం, యాడీ. జరమున్నోళ్లను పంపిస్తే ఇంటికో సంచి.”

ఆమె తల అడ్డంగా ఊపింది. నూనె కలిపాను. మళ్లీ ఊపింది. పప్పు కలిపాను, చక్కెర కలిపాను, ‘ముసలామె గట్టిదే’ అని లోపల మెచ్చుకున్నాను కూడా. అప్పుడే ఆమె వెనక పట్టా అవతల ఎవరో దగ్గు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు.

“ఎవరు యాడీ?”

“నా కోడలు. ఏడో నెల.”

కంగారులో, “ఇంకో సంచి ఇప్పిస్త,” అనేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

“నేనేమన్న బేరమాడుతున్ననా? నువ్వే పెంచుకుంట పోతున్నవ్. జర నోరు బందు జేసి అడుగు, మాకేం గావాల్నో.”

అడిగాను.

“మా తండల అమ్మవారు పోస్తే అవతల గుడిసె ఏస్తం. నడుమ రాయి మీద అన్నం బెట్టి, దూరం జరిగి పిలుస్తం. మా మొకం గనబడ్తది, గొంతు ఇనబడ్తది. నీ హాల్ల తలుపేసినంక మా పిల్ల ఉన్నదో పోయిందో ఎవరు జెప్తరు?” తలుపులింకా పెట్టని ఓ భవనం చూపించింది. “జరమున్నోళ్లను గాడ ఉంచుతం. నర్సమ్మను, ఊపిరి జూసే మిషిన్ను పంపు. ఎక్కువైతే నేనే అంబులెన్స్ ఎక్కిస్త.”

ఫోన్లో డాక్టరమ్మ, “అట్లాంటిది ప్లాన్లో లేదమ్మా,” అంది. ప్లాన్ రాసినరోజు వీళ్లనెవరూ పిలవలేదని చెప్పాను. ఆమె స్వయంగా వచ్చి చూసి సరేననేదాకా, పట్టా వెనక ప్రతి దగ్గునూ నేను లెక్కపెడుతూనే ఉన్నాను. సరేనన్నాక సక్కుబాయి లంబాడీలో ఒక కేక వేసింది. నాకు వారమంతా దొరకని జ్వరాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

మూడోరోజు కోడలికి ఊపిరి అందలేదు. సక్కుబాయి అన్నమాట ప్రకారం తనే ఎక్కించింది. నేను రోజూ పెద్దాసుపత్రి నర్సును బతిమాలి, వీడియోలో ఆ పిల్ల ముఖం ఆమెకు చూపించాను. కోడలు బతికి వచ్చింది. పని అయిపోయాక వాళ్లంతా ఎటో వెళ్లిపోయారు. సక్కుబాయి నంబరు ఇప్పుడు కలవదు.

మొన్నటి కాగితంలో మళ్లీ అదే వాక్యం: కూలీల షెడ్లవారిని ఫంక్షన్ హాలుకు తరలించాలి. సంతకం పెట్టకుండా సంచిలో వేసుకుని పీర్జాదిగూడ బయల్దేరాను. నా కాంట్రాక్టు పొడిగించే నెల ఇది, దారంతా గుబులే. షెడ్లలో ఇప్పుడు వేరే మనుషులు. నీళ్ల డ్రమ్ము దగ్గరున్న ఒకామె నా చేతులకేసి చూసింది.

“ఏం తెచ్చినవ్ అక్కా?”

“ఏం తేలే. మిమ్మల్ని అడిగి కాగితం రాద్దామని వచ్చిన.”

ఆమె నమ్మలేదు. కానీ కూర్చోమని ఓ డబ్బా జరిపింది. కూర్చుని, నోరు మూసుకున్నాను.