యాకోబు బావ కోసం వెచ్చని నురగ గిన్నె

గడ్డానికి రాసుకున్న నురగ చల్లారిపోవడం కూడా ఒక కష్టమేనని డెబ్బై దాటేదాకా నాకు తెలియలేదు. మా అక్క భర్త యాకోబు బావది కాజీపేట. గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరయ్యాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చినా సరే, గడ్డం గీసుకోనిదే టీ కప్పు ముట్టని మనిషి. పోయిన ఏడాది దవడకు ఆపరేషన్ చేసి, తర్వాత కరెంటు పెట్టారు. క్యాన్సరుకు పెట్టే కిరణాలను మా ఊళ్ళో అందరూ కరెంటనే అంటారు. బిల్లు చూస్తే అది నిజమే అనిపిస్తుంది. పుండు మానింది కానీ చెంప మీది చర్మం ఉల్లిపొర లాగా మిగిలింది. చల్లటిదేదైనా తగిలితే బావ నిలువెల్లా అదిరిపడేవాడు. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఇక ఇంట్లోనే చూసుకోండి అన్నారు డాక్టర్లు.

గడ్డం గీసే పని నాది. పడుకున్న మనిషికి, అలాంటి చర్మానికి, నెమ్మదిగా గీయాలి. వేడినీళ్ళతో నురగ చేసినా ఒక చెంప సగమయ్యేసరికి అది మజ్జిగలా చల్లబడిపోయేది. మళ్ళీ బ్రష్ పెట్టగానే ఆయన ముడుచుకుపోయేవాడు. ఒకరోజు నా మణికట్టు పట్టుకుని, "ఇగ వద్దురా బామ్మర్దీ" అన్నాడు. అప్పటినుంచి గడ్డం పెరగసాగింది. మర్నాడు వెళ్ళేసరికి మంచం ఎదుటి గోడకున్న అద్దం వెనక్కి తిప్పి ఉంది. నువ్వు తిప్పావా అని అక్కను అడిగితే, "నేనెందుకు తిప్పుత? ఆయనే తిప్పుమన్నడు" అంది.

నాది బైండింగ్ పని. చదివింది ఆరో తరగతి. మిగతా చదువంతా కుట్టడానికి వచ్చిన పుస్తకాల్లోంచి దొంగిలించిందే. చాలావాటికి మొదటి పేజీలు ఉండవు కాబట్టి ప్రపంచంలో ఏ సంగతి ఎలా మొదలైందో నన్నడగకండి. మధ్యనుంచి మాత్రం బాగా చెప్పగలను. అలా ఎప్పుడో ఒక పాత ఇంగ్లీషు సామాన్ల పుస్తకంలో ఈ గిన్నె బొమ్మ చూశాను. స్కటిల్ అంటారట. గిన్నెలో గిన్నె. రెండు గోడల మధ్య ఖాళీలో మరిగిన నీళ్ళు పోస్తారు, పై గిన్నెలో నురగ చేస్తారు. గీసినంతసేపూ నురగ వెచ్చగా ఉంటుంది. ఫోన్లో వెతికితే పాలంపేట దగ్గర రాజయ్య అనే కుమ్మరి ఇంటి కోడలు చేత్తో చేస్తోందని తెలిసింది. పేరు స్వరూప. ఫోన్ చేస్తే ఆర్డరు ఇస్తే మూడు వారాలు పడుతుందంది. మా దగ్గర మూడు వారాలున్నాయో లేదో నాకు తెలియదు. ఆ మాట నోటికి రాలేదు. వచ్చి చూస్తానమ్మా అని పెట్టేశాను.

మీరూ వెళ్ళాలంటే హనుమకొండ బస్టాండులో ఉదయం ఏడు దాటాక ఏటూరునాగారం బస్సెక్కండి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగాలి, గంటన్నర ప్రయాణం, టికెట్టు వంద లోపే. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి డబ్బిచ్చి టికెట్టు కొన్న మగవాళ్ళు నిలబడి వెళ్ళడం రివాజు. నేనూ నిలబడ్డాను. ఆత్మకూరు దగ్గర ఒకామె లేచి, "కూసో బాపూ, పడితె మేమే లేపాలె" అంటూ సీటిచ్చింది. అంత మర్యాదగా ముసలివాణ్ణని చెప్పించుకుని చాలా రోజులైంది. కిటికీ బయట యాసంగి నాట్లు పడుతున్నాయి. ఆ చలిలో, మోకాలి లోతు నీళ్ళలో వంగిన ఆడవాళ్ళను చూస్తే, చన్నీళ్ళకు వణికే మనిషి కోసం బయల్దేరిన నాకు ఎటు చూడాలో తెలియలేదు.

క్రాస్ నుంచి షేర్ ఆటోకు మనిషికి ముప్ఫై. ఒక్కరే వెళ్తే రెండు వందలు అడుగుతారు. నేను ఆగలేక ఒక్కణ్ణే ఎక్కాను. డ్రైవరు కుర్రాడు రామప్ప గుడికే కదా అన్నాడు. కాదు, కుమ్మరి రాజయ్య ఇంటికి అన్నాను. ఇంత దూరం వచ్చి గుడి చూడరా అని అతనికి మహా ఆశ్చర్యం. ఆ గుడి శిఖరం ఇటుకలు నీళ్ళలో తేలుతాయని దారంతా నాకు పాఠం చెప్పాడు. "గుడి ఎనిమిది వందల ఏండ్ల సంది ఉన్నది బిడ్డా, ఇంకో నెల ఆగుతది" అన్నాను. అతను అద్దంలో నన్నొకసారి చూసి, బండి వేగం పెంచాడు.

రాజయ్య ఇంటి ముందు రంజన్లు, అంటే పెద్ద నీళ్ళ కుండలు, బోర్లించి ఉన్నాయి. ఎండాకాలానికి ఇప్పటినుంచే చేసి పెట్టుకుంటారట. ఆయనా నా ఈడువాడే. నేను వచ్చిన పని వినగానే నవ్వాడు. తాతల నాటినుంచి నీళ్ళు చల్లబరచడమే వాళ్ళ వృత్తి, మట్టి కాస్త చెమర్చాలి, అప్పుడే కుండ కుండ అవుతుంది. ఈ కోడలు వచ్చి, చెమర్చకుండా పైన గాజుపూత పూసి, వేడి నిలిపే పని పెట్టుకుంది. "నేను ఎండకు చేస్త, ఇది చలికి చేస్తది. ఒక్క ఇంట్ల రెండు కాలాలు" అన్నాడు. స్వరూప ఆ మాట వందసార్లు విన్న ముఖం పెట్టి, షెడ్డులోంచి మూడు గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

గిన్నె ఎంచుకునే తీరు ఆమెకు బాగా తెలుసు. మూడింట్లోనూ మరిగిన నీళ్ళు పోసి, నురగ చేసి, మాకు టీ ఇచ్చింది. టీ అయ్యేదాకా ముట్టుకోవద్దంది. మొదటిది చూడ్డానికి అన్నిటికంటే ముద్దుగా ఉంది, పలచటి గోడలు, తెల్లటి పూత. టీ అయ్యేసరికి నురగ చల్లారింది. రెండోది వేడి బాగా నిలిపింది కానీ నీళ్ళతో కలిపి ఎత్తితే చేతికి మరీ బరువైంది. పడుకున్న మనిషి ఛాతీ మీదుగా దాన్ని పట్టుకోవడం నావల్ల కాదు. మూడోది పొట్టిగా, మందంగా, నాలుగు వేళ్ళు దూరే పిడితో, ఆకుపచ్చ పూతతో ఉంది. లోపల నురగ లేవడానికి వేలితో గీసిన గాడులున్నాయి. "అది బట్టీల జర వంకర పోయింది తాతా, పక్కకు పెట్టిన" అంది స్వరూప. నేను అందులోని నురగ కొంచెం తీసి నా చెంపకు రాసుకున్నాను. వెచ్చగా ఉంది. వాళ్ళిద్దరూ చూస్తున్నారన్న సంగతి ఆలస్యంగా గుర్తొచ్చి తుడుచుకున్నాను.

ఇదే ఇవ్వమ్మా, ఎంత అన్నాను. పన్నెండు వందలంది. జేబులోంచి తీసి చేతికివ్వబోయాను. రాజయ్య మధ్యలో చేయి అడ్డం పెట్టాడు.

"బేరం ఆడవా అన్నా?"

చెప్పిన ధర న్యాయంగానే ఉందన్నాను. ఆయన చేయి తీయలేదు. "ఒక్కటే కొంటానవ్. బేరం ఆడుతలెవ్. మా దగ్గర గట్ల కొనేది ఒక్కదానికే."

అర్థమవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. పెళ్ళికైతే ఐరేని కుండలని దొంతుల కొద్దీ తీసుకుపోతారు, వాయిద్యాలతో వచ్చి గంటసేపు గీసి గీసి బేరమాడతారు. ఇంట్లోకైతే రెండో మూడో కొంటారు. ఒంటి కుండ, మాట్లాడకుండా డబ్బిచ్చి తీసుకుపోయేది శవం ముందర పట్టుకెళ్ళడానికే. మేం చర్చికి పోయేవాళ్ళం, మాకు కుండల శకునాలు లేవని చెప్పబోయాను. బదులుగా నా నోట్లోంచి బావ సంగతంతా వచ్చింది. దవడ, కరెంటు, మజ్జిగలా చల్లబడే నురగ, తిప్పిన అద్దం. చెప్పడం పూర్తయ్యాక రాజయ్య అన్నాడు, "మరి బేరమాడు."

"ఎనిమిది వందలు" అన్నాను.

"ఇంత మందానికి ఎనిమిది వందలా? మట్టి మీ అత్తగారింటి నుంచి వచ్చిందా?"

"వంకర పోయిందని మీ కోడలే అన్నది."

"వంకర నీ కండ్లల్ల ఉన్నది. పదకొండు వందలు."

తొమ్మిది అన్నాను. అది నాకే వినపడలేదు. ఆయన నా వైపు చూడకుండా, పక్కనున్న రంజన్ని తడుముతూ, మెల్లగా అన్నాడు. "గట్టిగ అడుగు అన్నా. బతికేటోని కోసం అడిగినట్టు అడుగు."

అడిగాను. నా బతుకులో కూరగాయల దగ్గర కూడా అంత గట్టిగా అడిగింది లేదు. చివరికి వెయ్యికి తెగింది. స్వరూప గడ్డిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది. మూడు వారాలనగానే అందుకేనా ఫోన్ పెట్టేశావు తాతా అంది. జబ్బు సంగతి చెప్పి ఉంటే వేరేవాళ్ళ ఆర్డరు ఆపి నీకే ముందు పంపేదాన్నని కూడా అంది. ఆటోకు బదులు రాజయ్య ఎవరి బండి మీదో క్రాస్ దాకా దింపించాడు. మధ్యాహ్నం రెండింటికల్లా కాజీపేటలో ఉన్నాను.

ఆ సాయంత్రమే అక్క నీళ్ళు మరిగించింది. బావ గిన్నెను చూసి, "ఏందిరా ఇది, ఇంజనా?" అన్నాడు. బ్రష్ దగ్గరికి తెస్తుంటే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చెంపకు తగిలింది. ముడుచుకోలేదు. కాసేపటికి కళ్ళ మీది బిగువు సడలింది. ఎడమ చెంప మొత్తం గీశాను. గిన్నెలో నురగ ఇంకా వెచ్చగానే ఉంది. కుడివైపుకు తిరుగు బావా అన్నాను. తిరగలేదు.

"ఆ పక్క రేపు" అన్నాడు.

ఒక చెంప నున్నగా, ఒక చెంప అడవిలా పెట్టుకుని ఎవరైనా వస్తే ఏమనుకుంటారని అక్క కసిరింది. బావ వినలేదు. రేపు అనే మాట ఆయన నోట విని మాకు ఎన్నాళ్ళయిందో. మర్నాడు కుడి చెంప గీసేసరికి ఎడమ చెంప మీద గరుకు మొలిచింది. అది మళ్ళీ రేపు. అలా రోజుకొక చెంప చొప్పున, నేను రేపటి పని మిగుల్చుకుని ఇంటికి వెళ్ళేవాణ్ణి. అద్దం మాత్రం ఆయన తిప్పించుకోలేదు.

నాట్లు పచ్చబడే వేళకు బావ పోయాడు. పెట్టెలో పెట్టేముందు గడ్డం గీయాలన్నారు. వరండాలో ఎవరో ఇప్పుడింకా వేడినీళ్ళెందుకన్నారు. అక్క పొయ్యి వెలిగించింది. ఆ రోజు రెండు చెంపలూ ఒకేసారి గీశాను.

ఆ గిన్నె నిలిపే వేడి చాలా కొద్దిసేపు. మట్టి ఎంత మందంగా ఉన్నా, పూత ఎంత బాగున్నా, ఒక చెంప పూర్తయి రెండోది మొదలయ్యేంతసేపు. నేను తెచ్చింది అంతేనని తెలిసే తెచ్చాను. ఆ కాస్త వేడికి ఒక మనిషి నొప్పిని మరిచి మర్నాటికి పని పెట్టుకున్నాడు. ఇంతకంటే ఎక్కువ నిలిపే గిన్నె ఇంకా ఎవరూ చేయలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా. ముందుగా ఫోన్ చేయండి, జబ్బు మనిషి కోసమైతే మొహమాటపడకుండా ఆ మాట మొదటే చెప్పండి. మూడు వారాలు ఆగే పని ఉండదు.