అరువు ఊపిరి

ఈ వాక్యం చదివేలోపు మీరు ఎన్నిసార్లు గాలి పీల్చుకున్నారు? తెలియదు కదూ. తెలియకపోవడమే ఆరోగ్యం. కత్తెరమ్మకు మాత్రం లెక్క పక్కాగా తెలిసేది. తన ఊపిరి గురించి కాదు, తన మేనత్త ఊపిరి గురించి. దాన్ని కోయడమే ఆమె ఉద్యోగం.

అది చూపు లేనివారి కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చిన్న స్టూడియో. గోడలకు మందపాటి స్పాంజి పలకలు, గదికి మధ్యలో గాజు అడ్డు. అవతల మైకు ముందు మేనత్త చదువుతుంది. ఇవతల కంప్యూటరు ముందు కూర్చుని మేనకోడలు అందులోంచి దగ్గులు, గుటకలు, కుర్చీ కిర్రులు కత్తిరిస్తుంది. అందుకే అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆ మేనత్తే. ఈ పనిలో పెట్టిందీ ఆవిడే.

ఊపిరికి వాళ్ళిద్దరి మధ్య ఎన్నో పేర్లుండేవి. వాక్యానికి ముందు ఛాతీ నిండా తీసుకునేది పీల్పు. కామా దగ్గర దొంగచాటుగా లాక్కునేది గుక్క. ముక్కుతో విసురుగా లాగితే ఎగపీల్పు. వాటన్నిటినీ తీసేస్తే యంత్రం మాట్లాడినట్టుంటుంది. అన్నీ ఉంచేస్తే చెవి పక్కన బుసకొట్టినట్టుంటుంది. కత్తెరమ్మ మధ్యేమార్గం కనిపెట్టింది. మేనత్త గొంతు మంచి పదునులో ఉన్న రోజుల నాటి చక్కని పీల్పులను ఏరి దాచిపెట్టింది. కొత్త రికార్డింగులో ఎక్కడ ఊపిరి గరుకుగా వినిపించినా దాన్ని కోసేసి, దాచినవాటిలోంచి ఒకటి అతికించేది. అతుకు ఎవరికీ తెలిసేది కాదు. స్టూడియో యజమాని మెచ్చుకుంటే పొంగిపోయేది.

ఆ ఏడాది ఒక నిఘంటువు రికార్డింగు చేపట్టారు. మేనత్త ఊపిరిలో గరుకు పెరిగింది, అతుకులూ పెరిగాయి. గరుకు ఎందుకు పెరుగుతోందన్న ప్రశ్న మాత్రం ఆమెకు తట్టలేదు. పనిలో నేర్పరితనం ఎక్కువైన చోట అడగవలసిన ప్రశ్నలు ఇలాగే మూగబోతాయి.

ఒక ఉదయం మేనత్త 'ఉ' అక్షరంలో చదువుతోంది.

"ఉచ్ఛ్వాసం. గాలిని లోపలికి తీసుకోవడం. దీనికి ఎదురు మాట నిశ్వాసం. ఇవి కూడా చూడండి: శ్వాస, ఊ..."

ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. కళ్ళద్దాలు తీసి నవ్వింది.

"ఏమే, ఈ మాట నా మీద పగబట్టినట్టుంది. ఊపిరి అనడానికే ఊపిరి చాలడం లేదు!"

"ఐస్‌క్రీం లాగించావా అత్తా?"

"నోరుముయ్. మెట్లెక్కినా ఇంతే, మంచం దిగినా ఇంతే."

"ఎప్పట్నుంచి?"

"చాలా నెలలైంది."

"నెలలా! మరి డాక్టరుకు చూపించుకోవద్దూ?"

"చూపించుకుందామనే అనుకున్నానే. అనుకున్నప్పుడల్లా మన రికార్డింగులు పెట్టుకుని వినేదాన్ని. పేజీలకు పేజీలు ఎంత నిండుగా పీలుస్తున్నానో! ఇంత హాయిగా ఊపిరి తీసేదానికి రోగమేంటి, వయసు మీదపడి ఒళ్ళు మొరాయిస్తోంది, అంతేలే అనుకున్నా."

కత్తెరమ్మ అప్పుడే రికార్డయిన భాగాన్ని, ఏమీ కోయకుండా, పెద్ద స్పీకరులో పెట్టింది. ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు చిటపటమంటూ ఊపిరి లోపలికి పోయింది. సగంలోనే తెగింది. నెలల తరబడి ఆమె రోజూ విన్న శబ్దమే అది. విన్న ప్రతిసారీ చెరిపేసిన శబ్దం.

"ఎవరే ఆ ముసలమ్మ?" అంది మేనత్త.

"నువ్వే అత్తా."

"మరి నేనింట్లో విన్నది?"

"అదీ నువ్వే. ఎప్పటిదో నువ్వు."

మేనత్తకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. చివరికి అంది.

"అమ్మ దొంగా! నా ఊపిరి నాకే అరువిచ్చావన్నమాట."

కత్తెరమ్మకు నవ్వు రాలేదు.

డాక్టరు ఎక్స్‌రేను వెలుగులో పెట్టి చూశాడు. "ఊపిరితిత్తుల అడుగు గట్టిపడింది. గట్టిపడింది మళ్ళీ మెత్తబడదు. మిగిలింది కాపాడుకుందాం. కాస్త ముందే రావలసింది," అన్నాడు. ఎవరూ కత్తెరమ్మ వైపు చూడలేదు. అదే ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. చెడు చేయాలన్న ఉద్దేశం ఆమెకు లేదు. అది నిజమే. కానీ ఉద్దేశం లేదన్నంత మాత్రాన పోయిన నెలలు తిరిగి రావు. కళ్ళెదుట ఉన్న ఒకే ఒక సాక్ష్యాన్ని ఆమె తన చేతులతోనే రోజూ తుడిచేసింది, అదీ శ్రద్ధగా.

సంగతి విని యజమాని నొచ్చుకున్నాడు. ఆ వెంటనే పని గుర్తొచ్చింది.

"అత్తయ్యగారిని తొందరపెట్టొద్దమ్మా. ఇంట్లోనే కూర్చుని కొంచెం కొంచెంగా చదువుతారు. ఊపిరి సంగతి మనం చూసుకుందాం. నీ దగ్గర మంచి స్టాకుందిగా!"

"లేదు సార్."

"లేకపోవడమేంటి?"

"పొద్దున్నే తీసేశాను. ఒక్కటీ మిగల్లేదు."

"నీకేమైనా పిచ్చా? ఇప్పుడు పుస్తకం గతేంటి?"

"వేరేవాళ్ళు చదువుతారు. అత్త చదివింది మాత్రం చదివినట్టే వెళ్తుంది."

"చెవిలో బుసకొడుతుంది, వినేవాళ్ళు తిడతారు."

"తిట్టనివ్వండి సార్. మనిషి బతికుందని తెలుస్తుంది."

ఆగిపోయిన ఆ ఒక్క మాటను పూర్తి చేస్తే గానీ కదలనని మేనత్త మొండికేసింది. మైకు ముందు కూర్చుంది. ఆగింది, రొప్పింది, మళ్ళీ అందుకుంది. చిటపటలతో సహా 'ఊపిరి' దాకా చేరింది. గాజుకు ఇవతల కత్తెరమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా వింది. ఆ రికార్డింగును ఒక్క చోట కూడా తాకకుండా అలాగే పంపించేసింది. ఇక మీదట ఎవరి ఊపిరీ కోయకూడదని నిశ్చయించుకుంది.