గాలి జారని పలక

ప్రయోగశాలలో ఆయన పని లోహపు పలకలకు పాలిష్ పట్టడం. ఇరవై రెండేళ్లుగా అక్కడ అందరికీ ఆయన పాలిష్ బాబాయే. "నా పలక మీద గాలి కూడా కాలుజారి పడాల్సిందే" అని వియ్యంకుడి దగ్గర సైతం కోతలు కోశాడు.

కొత్తగా చేరిన సైంటిస్టమ్మ ఒక పొద్దున ఆయన పాలిష్ పట్టిన పలకనొకదాన్ని పరీక్షపెట్టెలో బిగించి, దాని మీదికి పలచటి గాలిని ఏటవాలుగా వదిలింది. వచ్చిన లెక్క చూసి నవ్వింది.

"గాలి జారడం లేదు బాబాయ్. అణువులు వచ్చి తగిలి, క్షణం అతుక్కుని, తెచ్చుకున్న ఊపంతా పలకకే ఇచ్చేసి, తోచిన దిక్కుకి పోతున్నాయి."

"నా పనిలో లోపమా అమ్మా?"

"అయ్యో, కాదు. మన కంటికి నున్నగా ఉన్నది వాటికి కొండలూ గుట్టలూనూ."

ఆయనకు తల తీసేసినట్టయింది. ఇన్నేళ్లూ జారింది గాలి కాదు, తన నోరేనని తెలిసి నవ్వూ వచ్చింది.

పోల్చి చూడటానికి ఒక గరుకు పలక చేసిపెట్టమందామె. ఆయన ముతక ఉప్పుకాగితంతోనే మొదలుపెట్టాడు. సన్నది ఎప్పుడు అందుకున్నాడో ఆయనకే తెలియదు. సాయంత్రానికి పలక తళతళలాడుతోంది.

"గరుకు చేయడం కూడా చేతకాలేదమ్మా" అంటూ తలగోక్కుంటూ తెచ్చి ఇచ్చాడు.