నెజ్మియె అత్త వీపుబుట్ట

నెజ్మియె అత్త ఇంటికి ఖాళీ వీపుతో ఎవరూ వెళ్ళకూడదు. ఎంతటివాళ్ళయినా కొండ కింద ఒక బుట్టెడు మట్టి నింపుకుని, మోసుకుంటూ పైకెక్కాల్సిందే. టర్కీలోని రీజె కొండల్లో ఇలాంటి షరతు పెట్టిన మనిషి ఆమె ఒక్కతే. పరామర్శకు వచ్చిన ఇమాం గారు సగం దారిలో చతికిలబడితే, "కూర్చోండి ఇమాం గారూ, బుట్ట మాత్రం దించకండి" అంది. మనవరాలిని చూడవచ్చిన పెళ్ళివారికీ మినహాయింపు దక్కలేదు. పెళ్ళికొడుకు తండ్రి రెండో బుట్టకు కూడా వీపు వంచాడని ఆ సంబంధం అక్కడికక్కడే ఖాయం చేసింది.

"వాన తేయాకు మొదళ్ళ మట్టిని కిందికి దొర్లిస్తుంది, మనం పైకెక్కిస్తాం. ఎవరి పని వాళ్ళది" అనేది అత్త. కత్తిరించిన కొమ్మలూ ఆకూ ఆ మొదళ్ళకే కప్పేది. చుట్టుపక్కల వాళ్ళు బస్తాలకొద్దీ తెల్ల ఎరువు చల్లి నేలను చవుడు చేసుకుంటే, ఆమె తోటలో మట్టి నల్లగా, వానపాములతో కళకళలాడేది.

చిక్కల్లా షాకిర్‌కే. అతని ఇల్లు సరిగ్గా ఆ తోట కింద ఉంది. జారిన మట్టి అతని వెనకగోడకూ కొండకూ మధ్య సందులో పడేది. ఊరంతా బుట్టలు నింపుకునేది అక్కడే. ఆ సందులో క్యాబేజీ వేసుకోవాలని షాకిర్ ముచ్చట. ఈ వసంతంలో ఓర్పు నశించి, సందుకు తలుపు బిగించి తాళం వేశాడు.

"నా పెరట్లో పడ్డది నా మట్టి అత్తా."

"పడితే నీదైపోతుందా? రేపు నేను జారిపడితే నన్నూ ఉంచుకుంటావా?"

"అంత భాగ్యం నాకొద్దు" అన్నాడు షాకిర్, తాళంచెవి జేబులో వేసుకుంటూ.

ఆకురాలు కాలంలో వాన పట్టుకుంది. ఐదోరోజు పొద్దున ఎదుటి కొండచరియ విరిగి ఊరి బయట రోడ్డు మూసుకుపోయింది. షాకిర్ సందులోకి తొంగిచూస్తే మట్టి నడుమెత్తు పేరుకుని ఉంది. వెనకగదిలో అతని భార్య నూర్‌హాన్, పదిరోజుల పసిపాప ఉన్నారు. గోడ లోపలివైపు చెమ్మ దిగుతోంది.

అంతలో ఖాళీ బుట్టతో నెజ్మియె అత్త దిగింది.

"తల్లీబిడ్డల్ని మసీదుకు పంపు. తాళం తియ్యి."

"ఈ వానలో కూడా మట్టికోసమేనా?"

"తియ్యరా."

అతను తల్లీబిడ్డల్ని పంపి, తాళం తీశాడు. కాసేపటికి ఊరంతా బుట్టలతో వచ్చేసింది. ఎవరికీ ఏమీ నేర్పనక్కర్లేకపోయింది. ఇమాం గారు అందరికంటే ముందు పట్టీలు బిగించారు. తవ్వుతున్నారు, మోస్తున్నారు, దూరంగా పోస్తున్నారు. పైనుంచి చిన్నచిన్న రాళ్ళు రాలుతూనే ఉన్నాయి. సందు అడుగు కనబడే వేళకు అత్త తలెత్తి తోటవైపు చూసింది.

"చాలు. అందరూ రోడ్డు మీదికి. పరిగెత్తండి."

షాకిర్ చివరగా వచ్చాడు. అతను రోడ్డెక్కాడో లేదో, మూడు వరుసల తేయాకు మొక్కలతో సహా కొండ కిందికి దిగింది. నేల అదిరింది. ఇల్లు కూలిపోయిందనుకుని అతను కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి సందు నిండి, మట్టి వెనక కిటికీ అంచు దగ్గర ఆగి ఉంది. ఇల్లు నిలబడే ఉంది.

"ఇరవై ఏళ్ళుగా మాచేత ఆ సందు ఖాళీ చేయిస్తున్నది ఇందుకా?" అన్నాడు షాకిర్. "ఒక్కమాట చెప్పొచ్చు కదా అత్తా."

"చెప్తే? కొండ నెత్తిమీద వేలాడుతోందని తెలిశాక ఆ ఇంట్లో మీ అమ్మ ఒక్కరోజైనా కంటినిండా నిద్రపోయేదా? పోదామంటే మీకు వేరే చోటు లేదు. భయపడేదేదో నేనొక్కదాన్నే పడ్డాను. నా తోటకూ మట్టి కావాలిగా."

షాకిర్ ఆమె చెయ్యి పట్టుకుని బావురుమన్నాడు.

"ఊరుకోరా" అంది అత్త. "ఇప్పటికే నేల బాగా నానింది."