కొట్టేయమన్న కొలత

నేను రిటైరవడానికి ఏడాదిన్నర ముందు, ఒక జూన్ నెలలో, వరంగల్‌లో నేను భౌతికశాస్త్రం చెప్పే కాలేజీ పరిశోధక విద్యార్థుల బాధ్యతను నాకు అప్పగించింది. నా దగ్గరికొచ్చిన మొదటి అమ్మాయి స్వరూప. నెక్కొండ నుంచి రోజూ పాసింజర్ బండిలో వచ్చేది. ఆమె ఫెలోషిప్ ముగియడానికి ఎనిమిది నెలలే ఉంది.

మా పని జంట నక్షత్రాలది. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండింటిలో ఒక్కోసారి ఒకటే కనిపిస్తుంది. రెండోది మామూలు మసక నక్షత్రం కావచ్చు; మేం వెతికేది మాత్రం చచ్చి కుంచించుకుపోయిన నక్షత్రాన్ని. దానికి వెలుగు దాదాపు ఉండదు, బరువు మాత్రం ఉంటుంది. కనిపించేది మనవైపు ఎంత వేగంగా వస్తోందో, ఎంత వేగంగా దూరమవుతోందో దాని కాంతిలో కొలిచి, ఒక చుట్టుకు పట్టే కాలంతో కలిపి లెక్కిస్తే కనిపించనిదాని బరువు అంచనాకు వస్తుంది.

స్వరూప తీసుకున్న నక్షత్రానికి పాత కొలతలు ఆరే ఉన్నాయి. వెలుగు హెచ్చుతగ్గులు చూసి చుట్టుకాలం తొమ్మిది గంటలని నేనే తేల్చాను. ఐదు కొలతలు దానికి సరిపోయాయి. ఆరోది, నక్షత్రం దగ్గరికి రావలసిన సమయంలో దూరం పోతున్నట్టు చూపింది. అది పరికరం తప్పని, దాన్ని కొట్టేసి, దాగినది మామూలు మసక నక్షత్రమేనని రాసి, తర్వాతిదానికి పొమ్మన్నాను. గడువంటే నాకూ భయమే.

ఆమె కొట్టేయలేదు. వారం రోజులు ఆ పరిశీలన తాలూకు రికార్డంతా చదివింది. ఎక్కడా లోపం దొరకలేదు. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాతో నా గదికొచ్చి, ఉడికిన గుడ్డును బల్లమీద అడ్డంగా పెట్టి మెల్లగా తిప్పింది.

"మేడం, జర చూడుండ్రి. పక్కనున్న బరువు గుంజితే నక్షత్రం గిట్లనే సాగుతది. ఒక్క చుట్టు తిరిగేలోపు దీని పొడుగు పక్క మనకు రెండుసార్లు కనబడ్తది, వెలుగు రెండుసార్లు పెరుగుతది. మనం పట్టుకున్నది సగం చుట్టే కావచ్చు."

ఇద్దరం కూర్చుని పద్దెనిమిది గంటలతో మళ్లీ లెక్కేశాం. ఐదు కొలతలు చుట్టులో ఒక సగానివి, ఆరోది రెండో సగానిది; ఆరూ ఒకే గీతమీదికి వచ్చాయి. దాగినదాని బరువు కనిపించేదానికన్నా ఎక్కువని తేలింది. అంత బరువున్న మామూలు నక్షత్రమైతే దాని వెలుగు మనకు అంది తీరాలి. అందలేదు. అంటే అది చచ్చిన నక్షత్రమే.

తప్పు నాదేనన్నాను. ఆమె దాన్ని పట్టించుకోకుండా, కొత్త కొలతలు అడుగుదామంది. పెద్ద టెలిస్కోపున్న ఒక కేంద్రానికి రాశాం. నాలుగు వచ్చాయి, నాలుగూ ఆమె లెక్కకే కుదిరాయి. చచ్చిన నక్షత్రాల్లో అది బాగా బరువైన న్యూట్రాన్ నక్షత్రమా, అంతకన్నా తేలికైన తెల్ల మరుగుజ్జా అన్నది వాటితో తేలదు. తేలలేదనే వ్యాసంలో రాశాం. గడువులోపే ఆమె థీసిస్ ఇచ్చింది.

కనిపించనిదాన్ని వెతికే పనిలో, కుదరని కొలతే అసలు సాక్ష్యం కావచ్చని నాకు అప్పుడు తెలిసింది. మా ల్యాబులో ఏ కొలతను కొట్టేయాలన్నా కారణం రాసి సంతకం పెట్టాలని నియమం పెట్టాను. అది గైడుకు కూడా వర్తిస్తుంది.