పెళ్లి పత్రికలో పీర్ల పాట

నేను భయస్తురాలిని. ఈ మాట మా ఇంట్లో చెబితే నవ్వుతారు, ఎందుకంటే నా నోరు అలాంటిది. దవాఖానలో రక్తపరీక్షల గదిలో పని చేస్తాను. సూది చూసి కళ్లు తేలేసే మీసాలవాళ్లను కసిరి కుర్చీలో కూర్చోబెడతాను. అంత నోరున్నా, తమ్ముడి పెళ్లి పత్రిక వెళ్లిన శుక్రవారం నాడు నేను పడ్డ భయం గురించి ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

వెబ్ పేజీలు చేయడం నాకు ఎవరూ నేర్పలేదు. సెలవు రోజుల్లో వీడియోలు చూస్తూ, చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. మొదట ఒక ఆట చేశాను. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద నుంచి పిల్లి దూకుతూ పోవాలి. ఆ పిల్లి వారం రోజులు మూడో బస్తాలో ఇరుక్కుపోయి బయటికి రాలేదు. తమ్ముడు దాన్ని చూసి చూసి, "అక్కా, దానికి గాడనే అన్నం పెట్టు" అన్నాడు. తర్వాత పాటల మీద పడ్డాను. రికార్డింగులో గాలి చప్పుడు తీసేయడం, మాటను కోసి అతికించడం, ఇవన్నీ ఇంట్లో కూర్చుని చేయవచ్చని తెలిసిన రోజు నాకు అన్నం కూడా గుర్తు రాలేదు.

నేర్చుకోవడానికి నా దగ్గరున్న పాట ఒకటే. మా నాన్నది.

మాది తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టిన ఇల్లు. నమాజు తప్ప మిగతా బతుకంతా తెలుగులోనే. పీర్ల పండుగ పది రోజులూ నాన్న పాడేవాడు. నిప్పుల గుండం దగ్గర నాన్న పాట ఎత్తుకుంటే, మావాళ్లు, హిందువులు అని లేకుండా వాడంతా అందుకునేది. కర్బలాలో దప్పికతో పోయిన వాళ్ల కోసం ఏడ్చే పాటలవి. పీర్లను సాగనంపాక మళ్లీ ఏడాది దాకా వాటిని నోట రానిచ్చేవాడు కాదు. రికార్డు చేస్తానంటే, "డబ్బాల పెట్టుకునేటియి కావు బిడ్డా" అనేవాడు. చివరి ఏడు నేను చున్నీ కింద ఫోన్ దాచి దొంగతనంగా రికార్డు చేశాను. నాలుగు నెలలకు నాన్న పోయాడు.

తొమ్మిది నిమిషాల పాట. చప్పుడు తీసేయడం నేర్చుకుంటూ మొదటి ముప్పై రెండు సెకన్లు కోసి శుభ్రం చేశాను. నాన్న గొంతు పక్కనే కూర్చుని పాడుతున్నట్టు వచ్చింది. ఆ సంబరంలో అసలు పాట మీదే దాన్ని సేవ్ చేశాను. ఫోన్‌లో చోటు లేదని అక్కడిది అంతకుముందే తీసేశాను. అంటే మిగిలింది ఆ ముప్పై రెండు సెకన్లే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అసలు పాట ఉన్నట్టే ఎవరికీ తెలియదు కాబట్టి పోయినట్టూ తెలియదని నన్ను నేను నమ్మించుకున్నాను.

తమ్ముడికి వర్ధన్నపేట సంబంధం కుదిరింది. పిల్ల మంచిది, తమ్ముడికి బాగా నచ్చింది. చిక్కంతా పిల్ల దాదితోనే, అంటే వాళ్ల నాన్నమ్మతోనే. ఆమె మాట ఆ ఇంట్లో రాతి మీద గీత. అంతకుముందు వచ్చిన సంబంధం వాళ్ల కారు టైరు దారిలో పగిలిందని వద్దని పంపేసింది. మా మంగ్నీ నాడు నిశ్చితార్థం మధ్యలో ఎవరో తుమ్మారని అందరినీ అరగంట కూర్చోబెట్టింది. ఇంత తెలిసి కూడా, పత్రిక నేను చేస్తానని ముందుకు దూకాను.

పేజీ తెరవగానే సన్నాయి వినిపించాలని నా కోరిక. ఫోన్లు అలా ఒప్పుకోవని, చూసేవాళ్లు ఎక్కడో ఒకచోట వేలు పెడితేనే మోగనిస్తాయని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది. అందుకని ఎర్ర పరదా ఒకటి గీశాను. పరదా మీద వేలు పెడితే అది పక్కకు జరిగి, పేర్లు కనిపించి, సన్నాయి మోగుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. పదిసార్లు పరీక్షించాను కూడా. కానీ దవాఖానలో అలవాటు కొద్దీ నా ఫోన్ ఎప్పుడూ సైలెంట్‌లో ఉంటుంది. పరదా జరగడం చూశానే గానీ ఒక్కసారీ వినలేదు. సన్నాయికీ నాన్న పాటకూ ఒకే ఫోల్డర్లో ఒకలాంటి పేర్లే పెట్టానన్న సంగతి మరిచిపోయాను.

ఆ శుక్రవారం ఎనిమిదింటికి తమ్ముడు లింకును రెండు వైపుల గ్రూపుల్లోనూ పెట్టాడు. పదింటికి నేను చాయ్‌కి బయటికొచ్చేసరికి వాడివి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఫోన్ ఎత్తగానే వాడు గుసగుసగా అడిగాడు.

"అక్కా, పత్రికల నాయిన గొంతెందుకు వత్తాంది?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్ల మీద కూర్చున్నాను. పేజీని ఎంతమంది తెరిచారో నాకు మాత్రమే కనిపించేలా ఒక లెక్క పెట్టుకున్నాను. అది నలభై ఒకటి చూపిస్తోంది. చూస్తుండగానే నలభై రెండైంది. ఎవరో ఒకరు ఆ క్షణంలో పరదా తీసి, పెళ్లి పేర్ల మీద చావు పాట వింటున్నారు. నేను ఇక్కడ కూర్చుని వాళ్ల వేలు పట్టుకుని ఆపలేను.

ఫోన్‌లోనే పాట మార్చాను. "ఇప్పుడు చూడురా" అన్నాను. వాడు చూసి, "గదే పాట అక్కా" అన్నాడు. ఒకసారి విన్న పాటను ఫోన్లు దాచుకుంటాయని, కొత్తదానికీ అదే పేరుంటే పాతదాన్నే వినిపిస్తాయని ఆ రోజు నేర్చుకున్నాను. పేరు మార్చి మళ్లీ పెట్టాను. అప్పుడు సన్నాయి మోగింది. లెక్క అరవై మూడు దగ్గరుంది. వాళ్లలో దాది ఉందా లేదా అన్నదొక్కటే నా గుండెల్లో కొట్టుకుంటోంది. గదిలోకి వెళితే మనసు అక్కడ లేక ఒక ముసలాయనకు రెండుసార్లు గుచ్చాను. ఆయన "పానం మంచిగ లేదా బిడ్డా" అని అడిగాడు. ఒక పూట సెలవు పెట్టి ఆటో ఎక్కాను.

ఇంట్లో అమ్మ నేల మీద కూర్చుని కొత్త కోడలికి బొంత కుడుతోంది. గ్రూపులు చూసే అలవాటు లేదు కాబట్టి తనకేమీ తెలియదు. చెబుదామని నోరు తెరిచేలోపే నా ఫోన్ మోగింది. పిల్ల నంబరు. గొంతు మాత్రం దాదిది.

"సలామలేకుమ్ దాదీ, తప్పు నాదే..."

"నీతోని కాదు. మీ అమ్మకియ్యి."

స్పీకర్ పెట్టి అమ్మ ఒడిలో ఉంచాను.

"పత్రికల పాట పాడింది ఎవలు?" అంది దాది.

"ఏం పాట? నాకెర్క లేదు" అంటూ అమ్మ నా వైపు చూసింది.

"నాయినది, అమ్మా" అన్నాను. "పీర్ల కాడ పాడంగ నేను రికార్డు చేసిన. తప్పిపోయి పత్రికల పడ్డది."

అమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

"పెండ్లి పత్రికల ఏడుపు పాట పెడ్తరా ఎవలన్న?" దాది గొంతు పెరిగింది. "సరే, తప్పాయె. గాని గది నడుమల తెగింది గదా! దప్పికైన పిల్లగాన్ని తల్లి ఎత్తుకున్న కాడ ఆగింది. గాడ ఆపుతరా? ఎత్తిన పాట దించాలె. దించకుంట ఇడిస్తే ఆ ఏడుపు ఇంట్లనే తిరుగుతది. నా మన్మరాలు గా ఇంటికే రావాలె. మిగిలింది ఇనిపియ్యుండ్రి, అటెన్క పెండ్లి మాట మాట్లాడుదాం."

పెళ్లి ఆగిపోతుందని పొద్దుటి నుంచీ భయపడ్డాను. ఇలా అడుగుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

"మిగిలింది లేదు దాదీ."

"లేదంటె?"

"నేనే పోగొట్టిన."

అమ్మ ముఖం చూసే ధైర్యం నాకు లేదు. తమ్ముడి పెళ్లి, నాన్న పాట, రెండూ నా చేతులతోనే పాడు చేశానని ఏడుపొచ్చింది. నాన్న ఉండి తిట్టినా బాగుండేది.

అమ్మ సూదిని బొంతకు గుచ్చి, కొంగు తల మీదికి లాక్కుంది. గుండం దగ్గర ఆడవాళ్లు వెనకే నిలబడతారు, ముందుకొచ్చి పాడరు. ఇరవై ఐదేళ్లు వెనకే నిలబడి విన్న మనిషి, దాది చెప్పిన చోటు నుంచే అందుకుంది. పాటలో తల్లి పిల్లవాణ్ని ఎత్తుకుని నీళ్ల వైపు నడిచింది. అమ్మ గొంతు బొంగురుది, శ్రుతి లేదు. మొగుడు పోయిన నాడు కూడా నలుగురిలో గట్టిగా ఏడవని అమ్మ, పరాయి ఇంటి ముసలామెకు ఫోన్‌లో పాడుతోంది. ఒక చోట మాట మరిచిపోయి ఆగింది. అవతలి నుంచి దాది ఆ మాట అందించింది. అక్కడి నుంచి చివరిదాకా ఇద్దరూ కలిసి దించారు.

కాసేపటికి దాది ముక్కు చీదిన చప్పుడైంది. "ఇగ మంచిగైంది. పెండ్లి పనులు చూస్కోండ్రి బిడ్డా. గా పోరికి జర బుద్ధి చెప్పు" అని పెట్టేసింది.

అమ్మ బుద్ధేమీ చెప్పలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, "మీ నాయినది ఎంతున్నది నీ తాన?" అని అడిగింది.

"ముప్పై రెండు సెకన్లు."

"గంతనేనా?"

"గంతనే అమ్మా."

"గదన్న ఇనిపియ్యి."

ల్యాప్‌టాప్ తెచ్చి అమ్మ ముందు పెట్టాను. ఫైలు మీదికి బాణం గుర్తు తీసుకెళ్లాను. ఒక్కటి నొక్కితే చాలు. తొమ్మిది నిమిషాలను అరనిమిషం చేసిన వేలు ఇదే. ఇప్పుడిది కూడా పోతే అమ్మకు ఏమని చెప్పాలి? చేయి వెనక్కి తీసుకున్నాను.

"నాకు భయమైతాంది అమ్మా" అన్నాను. "నువ్వే ఒత్తు."