అక్క గిటారుకు ఉక్కు తీగలు

అక్కకు క్షయ నయమైంది గాని, ఆ సూదిమందు చెవులకు పడలేదు. డెబ్బైల మధ్యలో సంగతి ఇది. నెలల తరబడి చేయించుకున్న ఇంజెక్షన్లు ఆమె వినికిడిని కొంచెం కొంచెంగా తీసుకుపోతున్నాయని మాకు ఆలస్యంగా తెలిసింది. ముందు చెవుల్లో హోరు అంది. తర్వాత వంటింట్లో కుక్కర్ కూత వినపడడం మానేసింది.

అక్క గుణదలలో ఒక కాన్వెంటు బళ్లో పిల్లలకు పాటలు నేర్పేది. అక్కడ పనిచేసి వెళ్లిపోతూ ఒక సిస్టర్ ఇచ్చిన గిటారు ఆమెది. నైలాన్ తీగలు, మెత్తటి శబ్దం. నేను గవర్నర్‌పేటలో ఒక ఆఫీసులో టైపిస్టుని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క గిటారు చెక్కకు చెవి ఆనించి, సన్న తీగలనే మళ్లీ మళ్లీ మీటుతూ ఉండేది.

"తీగలు పాతబడ్డాయే. మోగట్లేదు," అంది ఒకరోజు.

నేను మీటి చూశాను. బాగానే మోగాయి. ఆ మాట చెప్పలేక, "అవునక్కా, మారుద్దాం," అన్నాను.

నైలాన్ తీగలు ఊళ్లో దొరకలేదు. మా ఆఫీసులో బందరు వైపు నుంచి వచ్చినాయన ఒకరుండేవారు, చేపలు పట్టేవాళ్ల కుటుంబం. ఆయన్నడిగి గాలానికి కట్టే నైలాన్ దారం తెప్పించి బిగించాను. చప్పగా పలికింది. అక్క తల అడ్డంగా ఊపింది.

ఉక్కు తీగలైతే గట్టిగా మోగుతాయని ఎవరో చెప్పారు. గిటారు తీసుకుని వన్ టౌన్‌లో హార్మోనియంలు బాగుచేసే సాయిబుగారి దగ్గరకెళ్లాను. ఆయన దాన్ని తిప్పి చూసి, వేలితో తట్టాడు.

"ఇది నైలాన్‌కి చేసిన గిటారమ్మా. లోపల కర్రలు సన్నం. ఉక్కు తీగలు లాగితే పైచెక్క లేచిపోద్ది. నేనెయ్యను."

"మా అక్కకి వినపడట్లేదండీ."

ఆయన గిటారు నా చేతికి తిరిగిచ్చాడు. "దానికి గిటారేం చేస్తదమ్మా?" అన్నాడు మెల్లగా.

నాకు కోపం వచ్చింది. రెండు వీధులవతల ఇంకో కొట్లో ఉక్కు తీగలు కొని, ఆదివారం నేనే బిగించాను. ఒక తీగ జారి నా వేలు కోసుకుంది. ఇల్లంతా ఖంగుమంది.

"వినపడుతోందా?"

"ఆఁ, బాగా," అని నవ్వింది అక్క.

మూడు వారాలు వాయించింది. ఆమె వేళ్ల చివర్లు పగిలాయి. ఇంతలో తీగలు కట్టే బ్రిడ్జి వెనక పైచెక్క ఉబ్బడం నేను చూశాను. చూసి కూడా తీగలు వదులు చెయ్యలేదు. వదులు చేస్తే ఆ నవ్వు పోతుందని భయం.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క వాయిస్తుంటే పటపటమని చెక్క చిట్లింది. నేను వంటింట్లోంచి పరుగెత్తాను. అక్కకు ఆ చప్పుడు తెలియలేదు, వాయిస్తూనే ఉంది. మరుక్షణం బ్రిడ్జి ఊడొచ్చి, తీగ కొరడాలా లేచి ఆమె చెంప మీద గీరింది.

రక్తం తుడుస్తూ ఎదురుగా కూర్చున్నాను. "వినపడుతోందన్నావుగా," అన్నాను. నా పెదవులు చూసి అర్థం చేసుకుంది.

"లావు తీగలు వినపడతాయే. సన్నవి ఎప్పుడో పోయాయి. నువ్వు వేలు కోసుకుని మరీ బిగించావు. నీ మొహం చూశాక ఎలా చెప్పను?"

"బళ్లో ఎలా నెట్టుకొస్తున్నావు?"

"పిల్లల నోళ్లు చూసి. శ్రుతి తప్పితే తెలియట్లేదు. వాళ్లు నవ్వుకుంటున్నారు కూడా."

సోమవారం తనే వెళ్లి పెద్ద సిస్టర్‌కు చెప్పింది. పాటల క్లాసు ఇంకొకరికిచ్చి, ఈమెకు కుట్టు నేర్పే పని ఇచ్చారు. సాయిబుగారు బ్రిడ్జి అతికించి పెట్టారు, నన్నొక్క మాట కూడా అనలేదు. అక్క ఆ గిటారును బడికే ఇచ్చేసింది.

చెంప మీది గీత కొన్నాళ్లకు మానింది. నేను మాత్రం ఆమె ఎదురుగా, వెలుతురులో కూర్చుని, నిదానంగా మాట్లాడడం అప్పుడు మొదలుపెట్టాను. కుక్కర్ కూత వినపడని రోజే మొదలుపెట్టాల్సింది.